గాజు దారం, నూలు పోగు: డియర్‌బోర్న్ మ్యూజియంలో ఇద్దరు అతిథి కళాకారులు

హెన్రీ ఫోర్డ్ 1916లో ఒక పత్రికా విలేకరితో మాట్లాడుతూ చరిత్ర చాలావరకు ఒట్టి చెత్త అని కొట్టిపారేశాడు. ఆ మాట ఆయనను జీవితాంతం వదలలేదు. అయితే అదే మనిషి ఆ తరువాతి ఏళ్లలో పాత నాగళ్లు, రాట్నాలు, ఆవిరి యంత్రాలు, మగ్గాలు పోగుచేశాడు. అవి చాలవన్నట్టు ఇళ్లకు ఇళ్లనే కొని, ముక్కలుగా విప్పించి, మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌కు తెప్పించి మళ్లీ నిలబెట్టించాడు. రాజులు, యుద్ధాలు, సంధి పత్రాలతో నిండిన చరిత్ర మీద ఆయనకు నమ్మకం లేదు. మామూలు మనుషులు చేతులతో ఏం చేశారన్నదే ఆయన దృష్టిలో చరిత్ర. ఆ పట్టుదల నుంచి పుట్టినవే ఇప్పుడు ‘ది హెన్రీ ఫోర్డ్’ అని పిలిచే మ్యూజియం, దాని పక్కనే సుమారు ఎనభై ఎకరాల్లో పరుచుకున్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను పెట్టి, పన్నెండున్నర గంటలు పట్టే కారు చాసిస్ బిగింపును 93 నిమిషాలకు దించిన వ్యక్తే, ఒక మనిషి ఒక వస్తువును మొదటి నుంచి చివరి దాకా తానే చేసే వృత్తులను కాపాడటానికి ఊరు కట్టించాడంటే, ఆ వైరుధ్యాన్ని వింతగా చూడాలో, పశ్చాత్తాపంగా చదువుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా తరువాత చూపించేది దీన్నే. రైట్ సోదరుల సైకిల్ దుకాణం, ఎడిసన్ మెన్లో పార్క్ ప్రయోగశాల, పొగబండి ప్రయాణం, మ్యూజియం లోపల తెల్లవారికి సీటు వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ కూర్చున్న బస్సు, వీటితోనే సాధారణంగా రోజు గడిచిపోతుంది. ఊరికి ఒక పక్కగా ఉన్న చేతివృత్తుల వాడను, అంటే లిబర్టీ క్రాఫ్ట్‌వర్క్స్‌ను, చాలామంది దారిలో తగిలిన దుకాణాల వరుసగా భావించి దాటేస్తారు. అక్కడ కుండలు చేసేవారు, రేకు పనివారు, అచ్చు యంత్రం నడిపేవారు, నేతగాళ్లు, గాజు ఊదేవారు ప్రతిరోజూ జీతానికి పనిచేస్తుంటారు. వారు నటులు కారు, పనివారు. వారు చేసిన వస్తువులు అక్కడే అమ్ముతారు. వీరికి తోడుగా, ఆయా కళల్లో పేరు తెచ్చుకున్న బయటి కళాకారులను కొద్ది రోజుల చొప్పున పిలిపించి, ఆ కొలుముల దగ్గర, ఆ మగ్గాల మీద తమకు నచ్చిన పని చేసుకోమంటారు. ఈ వేసవిలో మా మేనమామ మా ఇంట ఉన్నప్పుడు ఒక గాజు కళాకారిణి, ఒక నేత కళాకారుడు అలా వచ్చారు. ఆ ఇద్దరిని చూసి వచ్చాక రాస్తున్న టపా ఇది.

మా మావయ్యది చీరాల పక్కన జాండ్రపేట. మగ్గం దిగి చాలా ఏళ్లయింది గానీ, ఇప్పటికీ ఏ బట్ట చేతికి ఇచ్చినా ముందు అంచు, తరువాత వెనకవైపు చూసి, ఆ తరువాతే రంగు చూస్తారు. ఆయన వెంట ఉండటం వల్ల నేను మ్యూజియంలో మామూలుగా నిలబడే చోట్ల నిలబడలేదు.

ముందు గాజు దుకాణానికి వెళ్లాం. మెట్ల వరుసల్లో బల్లలు, ఎదురుగా కొలిమి, దాని పక్కన వస్తువును మళ్లీ మళ్లీ వేడిచేసుకునే గుండ్రటి నోరున్న మరో పొయ్యి. కొలిమిలో గాజు 1,100 డిగ్రీల సెల్సియస్‌కు పైన, తెల్లగా మెరిసే ద్రవంగా ఉంటుంది. ఇక్కడ మొదట గమనించవలసింది, అతిథిగా వచ్చిన కళాకారిణి ఒంటరిగా ఏమీ చేయలేదన్నది. చిత్రకారుడు తన కుంచె తాను తెచ్చుకుని ఎక్కడైనా గీసుకోగలడు. వేడి గాజుకు మాత్రం ఒకరు గొట్టం తిప్పుతుంటే మరొకరు తలుపు తీయాలి, ఇంకొకరు సరైన క్షణంలో రెండో కడ్డీ అందించాలి. అందువల్ల వచ్చిన ఆమె మనసులోని రూపం మ్యూజియం పనివారి చేతుల గుండా బయటికి రావాలి. ఆ పనివారిలో ఒకాయన రోజూ పాతకాలపు సీసాలు, జాడీలు చేసే మనిషి. ఆమె కావాలన్నది ఆయన రోజూ చేసేది కాదు. పని మొదలయ్యే ముందు ఇద్దరూ నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసుకుని, ఎవరు ఎప్పుడు ఎటు నడవాలో మాట్లాడుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆ తరువాత జరిగిన ఊదడం కన్నా ఈ మాటలే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి, ఎందుకంటే అద్దాల బీరువాలో పెట్టిన ఏ గాజు పాత్రలోనూ ఈ సంభాషణ మిగలదు.

ఆ రోజు వారు చేసింది గాజు తీగలు లాగడం. వెనిస్ పక్కన ఉన్న మురానో దీవిలో 16వ శతాబ్దంలో పరిపక్వమైన విద్య ఇది. కడ్డీ చివర తెల్లటి గాజు ముద్ద తీసుకుని, ఉక్కు బల్ల మీద దొర్లించి స్తంభంలా చేసి, పారదర్శకమైన గాజులో ముంచి, మళ్లీ దొర్లించి, మళ్లీ వేడిచేశారు. ముద్ద లోపలికంటా ఒకే వేడి చేరేదాకా ఆగాలి. తొందరపడితే పైపొర ఒక్కటే సాగుతుంది, ఆలస్యమైతే మొత్తం బిగుసుకుపోతుంది. మావయ్య నా చెవి దగ్గర, “మీ అమ్మమ్మ అరిసెలకి పాకం చూసినట్టు చూస్తోంది ఈవిడ, ఇంకా తీగపాకం రాలేదు” అన్నారు. ఆ మాట అన్న కాసేపటికే కళాకారిణి తల ఊపింది. సహాయకుడు రెండో కడ్డీని ముద్ద అవతలి కొసకు అతికించాడు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి, వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

ముద్ద సన్నబడి, వారి మధ్య తీగగా సాగింది. గది ఈ చివర నుంచి ఆ చివరకు చేరేసరికి అది పెన్సిలు కన్నా సన్నగా, పొడవునా దాదాపు ఒకే మందంలో ఉంది. అంత సమంగా ఎలా వస్తుందని ఎవరికైనా అనుమానం కలుగుతుంది. అందులోని కిటుకు గాజు స్వభావంలోనే ఉంది. ఎక్కడ సన్నబడిందో అక్కడ త్వరగా చల్లారుతుంది, చల్లారినచోట గట్టిపడి ఇక సాగనంటుంది. అప్పుడు ఇంకా వేడిగా, లావుగా ఉన్న భాగం సాగుతుంది. అంటే తీగ తనను తానే సరిదిద్దుకుంటుంది. అయినా మూడో మనిషి ఒకడు అట్టముక్క పట్టుకుని తీగ పొడవునా నడుస్తూ, మరీ సన్నబడుతున్న చోట విసురుతూనే ఉన్నాడు. చివరికి దాన్ని నేల మీద పరిచిన చెక్కపట్టీల మీద దించి, పటకారుతో సమానమైన ముక్కలుగా తుంచారు. నీలిరంగుతో మరొక ముద్ద తీసుకుని మళ్లీ ఇదే పని చేశారు. చల్లారిన తీగలను ఆమె నీలం, తెలుపు వరుసగా ఒక పింగాణీ పలక మీద పక్కపక్కన పేర్చింది. నాలుగు తెల్లవి, రెండు నీలివి, ఒక తెల్లది, మళ్లీ రెండు నీలివి. ఆ లెక్క ఆమె చేతిలో ఉన్న ఒక చిన్న కాగితంలో ఉంది. ఆ కాగితం ఎక్కడిదో నేత దుకాణానికి వెళ్లాక తెలిసింది. పలకను వేడిచేసి తీగలు ఒకదానికొకటి అంటుకోగానే, గొట్టం చివర వేడి గాజు పట్టీని ఆ వరుస అంచున దొర్లించి మొత్తాన్ని చుట్టగా ఎత్తింది. అడుగు మూసి, ఊది, తడిపిన న్యూస్‌పేపరు మడతను అరచేతిలో పెట్టుకుని దానితోనే గిన్నె పొట్టను నిమిరి ఆకారం ఇచ్చింది. వెయ్యి డిగ్రీల వస్తువుకూ మనిషి చేతికీ మధ్య ఉన్నది తడి కాగితం మాత్రమే. అది పొగ వదులుతూ, నల్లబడుతూ, ఆవిరి పొర మీద జారుతుంది. పూర్తయిన గిన్నెను సుమారు 500 డిగ్రీల దగ్గర ఉన్న మరో పొయ్యిలో పెట్టారు. అది అక్కడ రాత్రంతా నెమ్మదిగా చల్లారాలి. లేకపోతే లోపలి ఒత్తిడికి పగులుతుంది.

ప్రదర్శన అయ్యాక ప్రేక్షకులు ప్రశ్నలు అడగవచ్చన్నారు. నేను ఆమెతో పాపానాయుడుపేట గురించి చెప్పాను. రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమ ఉన్న ఆ ఊళ్లో గాజు పూసలు చేసే విద్య గురించి పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు రాసేవరకు మన వాళ్లలో కూడా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ బోలు ఇనుప గొట్టం మీద పెద్ద గాజు ముద్దను పేర్చి, కొలిమిలో పెట్టి, అవతలి వైపు నుంచి ఒక మనిషి కూర్చుని గంటల తరబడి చేతికి చేయి మార్చుకుంటూ సన్నటి గొట్టాన్ని లాగుతూనే ఉంటాడు. ముద్ద మధ్యలోని బోలు కూడా ముద్దతో పాటే సాగుతుంది కనుక ఎంత సన్నబడినా రంధ్రం పూడిపోదు. ఆ గొట్టాలను పూస పరిమాణంలో తుంచి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట సాగిన పద్ధతి ఇదే. ఇలా లాగి చేసిన చిన్న పూసలు ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా మీదుగా కొరియా వరకు తవ్వకాల్లో దొరికాయి. ఆమె శ్రద్ధగా విని, “అక్కడ ఎవరూ నడవరా?” అని అడిగింది. నడవరు, మనిషి ఒకే చోట కూర్చుంటాడు, గాజే అతని దగ్గరికి వస్తుంది అన్నాను. ఆమె తన సహాయకుడి వైపు తిరిగి, ఈ దుకాణంలో అలా చేయగలమా అని అడిగింది. ఆయన కొలిమి నోటి ఎత్తు కొలిచినట్టు చూసి, కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఇలా కళాకారులు కొలిమి ముందు తామే నిలబడి గాజు చేయడం మనం అనుకున్నంత పాత సంగతి కాదు. 1962 దాకా అమెరికాలో వేడి గాజు పని కర్మాగారంలో తప్ప మరెక్కడా జరిగేది కాదన్నట్టే ఉండేది. ఆ ఏడాది మార్చిలోను, జూన్‌లోను డియర్‌బోర్న్‌కు దక్షిణంగా గంట ప్రయాణం దూరంలోని టొలీడో నగరంలో, అక్కడి ఆర్ట్ మ్యూజియం ఆవరణలోని ఒక గ్యారేజీలో, హార్వీ లిటిల్‌టన్ అనే కుండల అధ్యాపకుడు రెండు శిక్షణ శిబిరాలు నడిపాడు. ఆయన తండ్రి కార్నింగ్ అనే గాజు కంపెనీలో వేడిని తట్టుకునే పైరెక్స్ గాజు మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త, కనుక గాజు ఇంట్లోనే ఉంది. అయినా మొదట కరిగించిన మిశ్రమం పనికిరాలేదు. అప్పుడు డొమినిక్ లబీనో అనే పరిశోధకుడు, తాను పనిచేసే జాన్స్-మాన్‌విల్ సంస్థలో వాడే గాజు గోళీలను తెచ్చి కరిగించమన్నాడు. అవి చక్కగా కరిగాయి. ఊదడం ఎలాగో మాత్రం కళాకారుల్లో ఎవరికీ సరిగా రాదు. లిబ్బీ గాజు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న హార్వీ లీఫ్‌గ్రీన్ అనే పాత పనివాడు చూడటానికని వచ్చి, గొట్టం అందుకుని చేసి చూపించాడు. ఇవాళ స్టూడియో గాజు ఉద్యమం అని కళాచరిత్ర పుస్తకాలు చెప్పేదానికి మొదలు ఇదే. డేల్ చిహూలీ లాంటి పేరున్న గాజు కళాకారులు లిటిల్‌టన్ శిష్యులు.

ఇందులో నన్ను పట్టి ఆపింది గోళీల సంగతి. లబీనో తెచ్చిన గోళీలు గిన్నెల కోసం చేసినవి కావు. కరిగించి సన్నని దారాలుగా లాగడానికి, అంటే ఫైబర్‌గ్లాస్ చేయడానికి ఉద్దేశించినవి. కళాకారుల గాజు ఉద్యమం దారం కావలసిన గాజుతో మొదలైందన్న మాట. అదే టొలీడోకు చెందిన ఎడ్వర్డ్ లిబ్బీ 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పట్టు దారంతో కలిపి గాజు పోగులతో నేయించిన గౌనును ప్రదర్శనకు పెట్టాడు. జార్జియా కేవన్ అనే నటి దాన్ని కోరి చేయించుకుంది, స్పెయిన్ రాకుమారి ఒకావిడ తనకూ కావాలంది. అది వేసుకుని తిరగడానికి పనికొచ్చే బట్ట కాదు గానీ, చూడటానికి జనం విరగబడ్డారు. 1938లో ఓవెన్స్-కార్నింగ్ సంస్థ ఏర్పడ్డాక గాజు దారం ఇళ్ల గోడల్లోకి, పడవల్లోకి చేరిపోయి, ఎవరూ విరగబడి చూడనవసరం లేని సరుకైపోయింది.

నేత దుకాణంలో జనం తక్కువ. ఇది ఆ రోజు ఒక్కటే కాదు, ఎప్పుడు వెళ్లినా ఇంతే. గాజు దుకాణంలో బల్లలు నిండిపోయి పిల్లలు నేల మీద కూర్చుంటే, ఇక్కడ తలుపు దగ్గర నిలబడి రెండు దెబ్బలు వినేసి వెళ్లిపోతారు. ఇందులో చూసేవారి తప్పు పూర్తిగా లేదు. గాజు పని స్వభావరీత్యా నాటకం. మొదలుపెడితే ఆపడానికి వీల్లేదు, అరగంటలో ఏదో ఒకటి తేలిపోతుంది, పగిలితే పగిలినట్టు అందరికీ కనబడుతుంది. నేతలో అసలు పనంతా ప్రేక్షకుడు రాకముందే అయిపోతుంది. మావయ్య అన్నట్టు, “నేస్తుంటే చూసి మురిసిపోతారు గానీ, నేతలో నేయడం ఎంతని? నూలు తోడి, పడుగు చేసి, గంజి పెట్టి, అచ్చులోకి ఎక్కించేసరికే సగం ప్రాణం పోతుంది.” పడుగంటే మగ్గం మీద పొడవునా బిగించే పోగులు, అచ్చంటే ఆ పోగులను వరుసగా దూర్చే దువ్వెన లాంటి చట్రం. ఆ కనబడని సగాన్ని కనబడేలా చేయడమే అతిథిగా వచ్చిన నేత కళాకారుడు పెట్టుకున్న పని. ఆయన వచ్చిన మొదటి రోజుల్లో ఒక్క పోగు కూడా నేయలేదట. జనం ముందే కూర్చుని, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా కలుపుతూ గడిపాడు. మేము వెళ్లేసరికి ఇంకా ఆ పని మిగిలే ఉంది.

మావయ్య కళ్లజోడు సరిచేసుకుని మగ్గం పక్కకు వంగారు. కాసేపు చూసి, “ఏమే అమ్మాయ్, ముడులేస్తున్నాడేంటి? వీళ్లు అచ్చు అతకరా?” అన్నారు.

“అడుగుతానుండండి మావయ్యా” అని ఆయన మాట కళాకారుడికి చెప్పాను. తన నూలు లావు, దానికి తగ్గట్టు అచ్చు కళ్లూ వెడల్పు కనుక ముడి వేసినా వాటిలోంచి జారిపోతుందని, తనకు నేర్పినవారు కూడా ముడే నేర్పారని ఆయన అన్నాడు. మీ దగ్గర ఎలా చేస్తారని అడిగాడు. మావయ్య జవాబు చెప్పలేదు. చొక్కా జేబులోంచి విభూతి పొట్లం తీశారు. చిటికెడు వేళ్లకు రాసుకుని, పాత పోగు కొస, కొత్త పోగు కొస పక్కపక్కన పెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నులిమి, వెనక్కి మడిచి మళ్లీ నులిమారు. లాగి చూపించారు, ఊడలేదు. ముడి లేదు కనుక చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియదు. బూడిద వేళ్లకు పట్టు ఇస్తుంది, అంతే. మా వైపు నేతపేటల్లో ఇలా అచ్చులు అతకడమే జీవనంగా బతికినవారు ఉండేవారు. ఒక చీర పడుగులో వేల పోగులు ఉంటాయి, అన్నీ ఇలా నులమవలసిందే. కళాకారుడు తానూ ప్రయత్నించాడు. మొదటివి జారిపోయాయి, తరువాతిది నిలిచింది. ఆయన ఆ అతుకు దగ్గర ఎర్ర దారం ముక్క గుర్తుగా కట్టుకుని, “ఇది బట్టలోకి వచ్చాక ఎలా ఉంటుందో చూస్తాను” అన్నాడు. మావయ్యకు ఆ ఎర్రదారం నచ్చలేదు. “గుర్తెందుకు, కనబడకుండా ఉండటానికే కదా ఇంత కష్టం” అని నాతో గొణిగారు. నేను దాన్ని అనువదించలేదు.

ఇక్కడ జకార్డు మగ్గం కూడా ఉంది, అంటే ఏ పోగు లేవాలో చిల్లులున్న అట్టలు నిర్ణయించే మగ్గం. మావయ్యకు దాన్ని ఎవరూ వివరించనవసరం లేకపోయింది. ధర్మవరంలో, గద్వాలలో, మా చీరాలలో మగ్గం నెత్తిన అదే పెట్టె, అవే చిల్లులున్న అట్టలు. ఫ్రెంచివాడు జకార్ 1804 ప్రాంతంలో తయారుచేసిన ఆ యంత్రం అమెరికాకు 1820లలో వచ్చాక, ఇక్కడి నేతగాళ్లు దానితో ఊలు, నూలు కలిపి పక్క మీద పరిచే దుప్పట్లు నేశారు. బట్ట నేలంతా తెల్ల నూలు, పువ్వులు నీలిమందు అద్దిన ఊలు. ఆ దుప్పట్ల మూలలో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో నేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం, ఒక్కోసారి నేయించుకున్నవారి పేరు కూడా నేతలోనే వస్తాయి. మొత్తం నమూనా మార్చకుండా ఆ మూలకు సంబంధించిన అట్టలు మాత్రం మారిస్తే చాలు, పేరు మారిపోతుంది. మావయ్య ఆ మూలను చాలాసేపు చూశారు. ఆయన నేసిన వేల గజాల్లో ఎక్కడా ఆయన పేరు లేదు, ఉండవలసిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. “పేరుంటే బాగుండేదా మావయ్యా?” అని అడిగితే, “పేరుంటే బాకీలవాళ్లకు తెలిసిపోయేది” అని నవ్వేశారు.

గాజు కళాకారిణి చేతిలో ఉన్న కాగితం సంగతి ఇక్కడే తేలింది. నీలం, తెలుపు తీగల వరుస ఆమె సొంతంగా కల్పించినది కాదు. ఈ దుకాణంలోని ఒక పాత దుప్పటి అంచు చారలను నేత కళాకారుడు లెక్కపెట్టి రాసిచ్చాడట. నాలుగు, రెండు, ఒకటి, రెండు. ఇద్దరికీ అంతకుముందు పరిచయం లేదు. పక్కపక్క దుకాణాల్లో పనిచేస్తున్నందువల్ల మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైన మాట ఇది. ఎవరో క్యూరేటర్ కూర్చుని గాజుకూ నేతకూ ముడిపెడుతూ ప్రణాళిక వేసి ఉంటే ఇంత సహజంగా వచ్చేది కాదని నా అభిప్రాయం.

జీతం మీద రోజూ పనిచేసే పనివారు ఉన్న చోటే అతిథి కళాకారుడు ఏదైనా కొత్తది చేయగలడు. కొలిమి ఆరకుండా ఉంచేది, మగ్గం కీళ్లకు నూనె వేసేది, ఏ అచ్చు కన్ను తెగిందో గుర్తుపెట్టుకునేది వారే. కళ బతికి ఉండాలంటే కళాకారులకు పురస్కారాలు ఇస్తే చాలనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. మన దగ్గర చేతులు ఇంకా పనిలోనే ఉన్నాయి గనుక వాటిని చూపించే చోటు ఉండాలన్న ఆలోచనే రాదు. సంతల్లో ఒక మూల మగ్గం వేసి, నాలుగు రోజులు నేయించి, తీసేస్తారు. పనిముట్టు ఎలా మారిందో చూపించడం ఇంకా అరుదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పోచంపల్లి చీరకు ఆసు పోస్తూ, అంటే రంగు అద్దడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుడుతూ, రోజంతా చేతిని వేలసార్లు ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆ పని చేసే యంత్రాన్ని 1999లో తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేతితో ఆసు పోయడం, యంత్రం ఆసు పోయడం పక్కపక్కన పెట్టి, రెండింటి ముందూ ఆ పని తెలిసిన మనిషిని కూర్చోబెడితే ఒక మధ్యాహ్నం చాలదు చూడటానికి. ఫోర్డ్ ఊళ్లో నాకు అలాంటి జతలే కనబడ్డాయి.

బయటికి వచ్చాక ఎడిసన్ ప్రయోగశాలకు వెళ్లాం. న్యూజెర్సీలోని మెన్లో పార్క్ నుంచి మిగిలిన చెక్కలను, అక్కడి మట్టిని కూడా తెప్పించి ఫోర్డ్ దీన్ని కట్టించాడు. 1929 అక్టోబరు 21న, విద్యుద్దీపానికి యాభై ఏళ్లు నిండిన రోజున, అధ్యక్షుడు హూవర్ సమక్షంలో ముసలి ఎడిసన్‌తో ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయించాడు. అంతా బాగుంది గానీ మా నేల ఎప్పుడూ ఇంత శుభ్రంగా లేదని ఎడిసన్ అన్నట్టు చెబుతారు. ఇదివరకు ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను బల్లల మీది సీసాలు చూసి వెళ్లిపోయేదాన్ని. గాజు, నేత దుకాణాల మీదుగా వచ్చాక ఆ దీపం మరోలా కనిపించింది. 1879లో వెలిగిన ఆ బల్బులోని తీగ కుట్టుపనికి వాడే మామూలు నూలు దారం. దాన్ని గాలి తగలకుండా కాల్చి బొగ్గుగా మార్చారు. దాని చుట్టూ ఉన్న బుడ్డిని జర్మనీ నుంచి వచ్చిన లుడ్విగ్ బోమ్ అనే గాజు పనివాడు నోటితో ఊదాడు. ఆ తరువాత నూలు పోయి వెదురు వచ్చింది, వెదురు పోయి టంగ్‌స్టన్ వచ్చింది. నోటి ఊపిరి పోయి, 1926 నుంచి కార్నింగ్ రిబ్బన్ యంత్రం నిమిషానికి వందల బుడ్డులు ఊదసాగింది. మొదటిదానికి మాత్రం ఒక పోగు, ఒక ఊపిరి కావలసివచ్చాయి. మావయ్య ఆ దీపం చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఎన్నో నంబరు నూలో రాయలేదేం?”

వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. శీతాకాలంలో ఊరు మూసి ఉంటుంది, ఏప్రిల్ మధ్యలో తెరుస్తారు; అతిథి కళాకారులు ఎవరు, ఎప్పుడన్నది వారి క్యాలెండరులో ముందే చూసుకోవాలి. నేత దుకాణానికి పొద్దున్నే, జనం రాకముందు వెళ్లండి, అప్పుడు పనివారికి మాట్లాడే తీరిక ఉంటుంది. గాజు దుకాణంలో మధ్య బల్ల మీద కాకుండా, వస్తువును మళ్లీ వేడిచేసే పొయ్యి ఉన్న వైపు కూర్చోండి. వేడి కొంచెం ఎక్కువే గానీ, చేతులు కనబడేది అక్కడి నుంచే. పెద్దవాళ్లను తీసుకెళ్తే నీళ్లసీసా మరిచిపోకండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి.